ఎడమ దిక్కు గ్రిప్పు

దయ్యాలంటే నేను ఎన్నడూ భయపడలే. నమ్మితే గదా భయపడేది. బడిల సైన్సు చెప్పేటోన్ని. ఊరవతల మామిడితోటల ఏదో తిరుగుతుందని పిల్లలు అంటే, వాళ్లను ఎంబడి తీసుకపోయి తోటంత తిప్పుకొచ్చిన మనిషిని. ఇప్పుడు చెప్పేది గూడ దయ్యం కథ అని నేను అంటలేను. ఏం జరిగిందో అది చెప్తున్న. దానికి ఏ పేరు పెడతరో మీ ఇష్టం.

ఎనభైలల్ల మాట. మా బావ, అంటే మా అక్క భర్త, ఆదిలాబాద్‌ల కరెంటు ఆఫీసుల పనిచేసేటోడు. లైన్లు చూసుకుంట పొద్దుగాల్నే మోటార్ సైకిల్ మీద ఊర్లు తిరగాలె. ఆదిలాబాద్ చలి సంగతి అక్కడ ఉన్నోళ్లకే తెలుసు. చలికాలం పొద్దున బండి నడిపితే వేళ్లు కట్టెలైతయి. క్లచ్చు పట్టినమో లేదో గూడ తెల్వది.

అందుకని బావ సొంతంగ ఒక ఏర్పాటు చేసుకున్నడు. పాత ఇస్త్రీపెట్టె కాయిల్ నుంచి కొంత తీగ తీసిండు. హ్యాండిల్ పైపుకు రెండు దిక్కుల కాలని గుడ్డ చుట్టి, దానిమీద ఆ తీగ చుట్టి, పైన రబ్బరు గ్రిప్పులు ఎక్కించిండు. బ్యాటరీ నుంచి వైర్లు, నడుమ ఒక ఫ్యూజు, హెడ్‌లైటు పక్కన ఒక స్విచ్చు. స్విచ్చేస్తే జరసేపట్ల అరచేతులు వెచ్చగయ్యేటియి.

బావ కామెర్లతోని హుజూరాబాద్‌ల వాళ్లింట్లనే పోయిండు. బండి మీద ఏమీ కాలే, అది ముందే చెప్తున్న. వాళ్లకు పిల్లలు లేరు. బావ ఉద్యోగం కింద అక్కకు ఆదిలాబాద్‌ల కొలువిస్తమని ఆఫీసోళ్లు కబురు చేసిన్రు. అక్క ఔననలే, కాదనలే. "ఆయన వస్తే ఈ ఇంటికే వస్తడు" అనేది. అత్తమామలు మంచోళ్లు. వాళ్లే పొమ్మని నచ్చజెప్పిన్రు. అక్క మాత్రం బావ పండుకున్న మంచం పక్కనే కూసునేది. ఆఫీసోళ్లు ఎన్నొద్దులు ఆగుతరు? ఇంట్ల అందరికీ అదే ఫికర్.

గదే ఏడు నాకు ఆదిలాబాద్ దగ్గర గుడిహత్నూర్ దిక్కు బదిలీ అయింది. బండి ఊకె తుప్పు పడుతుంది, తీసుకపొమ్మని అక్క నాకిచ్చింది.

చలి మొదలైనంక స్విచ్చేసి చూసిన. ఎడమ గ్రిప్పు మంచిగ వెచ్చగైంది. కుడిది చల్లగనే ఉంది. సెలవులకు పోయినప్పుడు చూపిద్దామని కొన్నొద్దులు అట్లనే నడిపిన.

ఒక పొద్దున నేను కిరాయికున్న ఇంటామె వాకిలి ఊడుస్తూ, బండి అడ్డమొస్తే హ్యాండిల్ పట్టుకొని జరిపింది. మరాఠీ కలిపి మాట్లాడే పెద్దామె. అప్పుడే ఎటో పోయొచ్చినట్టున్నవు సారూ, పిడి వెచ్చగుంది అన్నది. నేను ఎటూ పోలే. బండి రాత్రంత ఆ వాకిట్లనే ఉంది. సీటు మీద మంచు నీళ్లు గూడ ఆరలే. పోయి ముట్టి చూసిన. ఎడమ గ్రిప్పు వెచ్చగుంది. స్విచ్చు బందే ఉంది.

స్విచ్చు లోపట అంటుకపోయిందేమో అనుకున్న. ఫ్యూజు పీకేసిన. తెల్లారి గూడ వెచ్చగనే ఉంది. బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టిన. అయినా గంతే. ఇగ నాకు మనసు మనసుల లేదు. పాఠం చెప్పుకుంట కిటికీల నుంచి బండి దిక్కు చూసేటోన్ని. గంట కొట్టంగనే పోయి గ్రిప్పు ముట్టేటోన్ని. ఒకసారి చల్లగ ఉండేది, ఒకసారి వెచ్చగ ఉండేది. ఎండకు సంబంధం లేదు, ఇంజనుకు సంబంధం లేదు.

సెలవులు రాంగనే నిర్మల్, జగిత్యాల మీదుగ కరీంనగర్ పోయిన. అక్కడ ఖలీల్ అని నాతోని చదువుకున్న దోస్తు, బండ్ల వైరింగు పనిచేస్తడు. ముందుగాల కుడి దిక్కుది చెప్పిన. రెండోది కావాలనే చెప్పలే. తనంతట తాను చూసి ఏమంటడో చూద్దామనుకున్న.

ఖలీల్ టెస్టు బల్బు పెట్టి స్విచ్చు దాక కరెంటు వస్తుందని చూసిండు. ఆడికెళ్లి వైరు పట్టుకొని పోతే, కుడి దిక్కు రేజు, అంటే ఎక్సలేటరు, తిప్పేకాడ వైరు లోపట తెగి ఉంది. రేజు తిప్పినప్పుడల్ల వైరు మెలిపడుతుంది, ఎన్నడో ఒకనాడు తెగుడే గదా అన్నడు. జర పొడుగు వైరేసి, మెలిపడకుంట వదులు ఉంచి, సీసంతోని టాకా పెట్టి అతికిచ్చిండు. కుడిది వెచ్చగైంది.

నేను అప్పుడు ఎడమది చెప్పిన. ఖలీల్ బ్యాటరీ తీసి పక్కకు పెట్టిండు. హెడ్‌లైటు విప్పి లోపటికి చూసిండు. చాన సేపు చూసిండు.

"భాయ్, దీనికి వైరే లేదు. ఎవలో కోసి, టేపు చుట్టి పెట్టిన్రు. ఇది ఎన్నడూ వేడికాదు" అన్నడు.

"చెయ్యి పెట్టి చూడు" అన్న.

పెట్టిండు. వెంటనే తీసి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నడు.

తర్వాత గ్రిప్పు గుంజేసిండు, తీగ, గుడ్డ అన్నీ విప్పేసిండు. ఉత్త పైపు ఇనుము లెక్క చల్లగుంది. దుకాణంల ఉన్న కొత్త రబ్బరు ఎక్కించి, ఇద్దరం చాయ్ తాగొచ్చినం. బండి నీడల స్టాండు మీదనే ఉంది. కొత్త రబ్బరు వెచ్చగుంది. అది గూడ అంతట కాదు. రెండు కొసలు చల్లగ, నడుమ అరచెయ్యి ఆనేంత జాగ వెచ్చగ. కింది దిక్కు నాలుగు వేళ్లు పడేకాడ వెచ్చగ.

హ్యాండిలే మార్చేద్దామన్నడు ఖలీల్. నేను వద్దన్న. నా మనసుల అప్పటికే ఒకటి పడ్డది. ఇది బావనే అని. అక్క అంత ఎదురుచూస్తున్న మనిషి ఇక్కడున్నడని. ఎన్నడూ నమ్మనోడు నమ్ముడు మొదలుపెడితే నా లెక్కనే ఉంటది. ఖలీల్‌కు అదే చెప్పిన.

"ఎవలో తెల్వకుంట పేరు పెట్టకు భాయ్" అన్నడు. "అక్కకు మాత్రం చెప్పకు."

అక్కకు చెప్తే ఇగ ఆ ఇల్లు అసలే కదలదని నాకూ తెలుసు. కొలువు పోతది. చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. తెల్లారి హుజూరాబాద్ తొవ్వ పట్టిన. క్లచ్చు ఎడమ చేతిదే గదా, గేరు మార్చినప్పుడల్ల ఆ వెచ్చదనం పట్టుకోవాలె. విడిచిపెడదామంటే కాదు.

పోయేసరికి పగటీలి, అన్నాల యాల్ల అయింది. అక్కను వాకిట్లకు పిలిచి, అంతా చెప్పి, ముట్టి చూడుమన్న. అక్క దగ్గరికొచ్చి గ్రిప్పు మీద చెయ్యేసింది. కండ్లు మూసుకుంది. అత్తమ్మ గడపల నిలబడి చూస్తుంది.

కొంతసేపటికి అక్క చెయ్యి తీసింది.

"ఇది మీ బావ చెయ్యి కాదు తమ్మీ" అన్నది.

ఎట్ల చెప్తవని అడిగిన.

"ఆయన చేతులు ఎండకాలంల గూడ చల్లగుండేటియి. పోయిన నాడు ఎంత చల్లగున్నయో, ఉన్నప్పుడు గూడ గంతే. పక్కన పండుకున్నదాన్ని, నాకు తెల్వదా."

తర్వాత ఇంకో మాట చెప్పింది. ఎడమ దిక్కు వైరు కోసింది బావనే. కిందటేడు చలికాలంల. ఎందుకని అడిగితే చెప్పలేదట. కోసినంక గూడ బండి తీసినప్పుడల్ల ఎడమ చేతికి తువ్వాల చుట్టుకొని నడిపేదట. అంటే ఆ వెచ్చదనం బావకు గూడ తగిలింది. ఆయన దాన్ని ముట్టుకోవద్దనుకున్నడు.

అక్క లోపటికి పోయి చేతులు సబ్బుతోని కడుక్కుంది. ఆ సాయంత్రం మామతోని కొలువుల చేరుతనని చెప్పింది. ఏమైంది అక్కా అని అడిగితే, "ఆయన వచ్చేటోడైతే, ఆయన బండి మీదికి వేరేటోడు వస్తడా? ఆయన లేడు. నేనే ఊకె కూసున్న" అన్నది. పదిహేనొద్దులు కాకముందే ఆదిలాబాద్ బస్సెక్కింది. రిటైరయ్యేదాక ఆ ఆఫీసులనే పనిచేసింది.

నేను బండిని మళ్ల కరీంనగర్ దాక ఎట్ల తెచ్చిన్నో నాకే తెలుసు. ఎడమ చేతికి రుమాలు చుట్టుకొని తెచ్చిన. ఖలీల్ హ్యాండిల్ మొత్తం మార్చి, పాతది ఇనుప సామాన్లోళ్లకు వేసిండు. కొత్త హ్యాండిల్ మీద ఏమీ తెల్వలే. బావ ఆ బండి ఎవల దగ్గర కొన్నడో ఆఫీసుల అడిగి చూసిన. వేలంపాటల వచ్చిందన్నరు, అంతకుమించి ఎవలకూ తెల్వది.

సైన్సు చెప్పినోన్ని, ఎన్నో తీర్ల ఆలోచించిన. ఏదీ కుదురలే. అయితే వేడి సంగతి కంటే ఎక్కువ నన్ను ఇప్పటికీ కుదురుగ ఉండనియ్యంది ఇంకోటుంది. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ పోయిననాడు, తొవ్వల ఎవలూ లేరని, బావనే అనుకొని, నేను దానితోని మాట్లాడిన. అక్క ఎట్లున్నదో, ఏ అర్రల పండుకుంటుందో, ఏ యాల్లకు ఒంటరిగ ఉంటదో అన్నీ చెప్పుకున్న.

అవన్నీ ఎవలు విన్నరో నాకు తెల్వది.