మావయ్యగారి గండుచీమలు

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు ద్రాక్షారామంలో తెలిసింది. మా అమ్మతో గుడికి వెళ్ళి, బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటూ ఉన్నాను. ఎదురింటావిడ ఫోన్ చేసింది. "అమ్మా, మీ మావయ్యగారు కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయేరమ్మా. ఎంత పిలిచినా పలకలేదు. డాక్టరుగారొచ్చి చూసేరు. నువ్వు బయల్దేరి వచ్చెయ్యి" అంది. ఏ కుర్చీ అని అడిగాను. ఆ సమయంలో అదేం ప్రశ్నో నాకే తెలియదు. "ఇంకే కుర్చీ, ఆ చీమల బల్ల ముందుదే" అంది. అంతవరకూ రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

ఆయన అమలాపురంలో చాలా కాలం కళ్ళజోళ్ళ షాపు నడిపారు. ఓపిక తగ్గాక షాపు ఎవరికో అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. మా ఆయన ఉద్యోగం మస్కట్‌లో. అత్తయ్యగారు పోయాక ఇంట్లో మిగిలింది మావయ్యగారూ, నేనూ, ఆ చీమలూ. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. కుక్కని పెంచుకుంటారు, చిలకని పెంచుకుంటారు, మా మావయ్యగారు చీమల్ని పట్టి తెచ్చి పెంచుకున్నారు.

కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో వెనక వసారాలో ఆ బల్ల చూశాను. నాలుగు కోళ్ళ కిందా నాలుగు నీళ్ళ పళ్ళేలు. పైన తెల్లటి గుడ్డ కప్పి ఉంది. మా జొన్నాడలో కూడా పిండివంటల బీరువాకి అమ్మ అలాగే నీళ్ళు పెట్టేది, చీమలు ఎక్కకుండా. అబ్బో, ఎంత జాగ్రత్తగల ఇల్లో అనుకున్నాను. సున్నుండలో, పూతరేకులో ఉంటాయని గుడ్డ ఎత్తాను. కింద గాజుపెట్టెలు, పెట్టెల నిండా చీమలు! నా కేకకి అత్తయ్యగారు పూజ మధ్యలోంచి లేచి వచ్చారు.

"ఇదేం చోద్యమండీ! అందరూ చీమలు రాకూడదని నీళ్ళు పెట్టుకుంటారు. మీరు చీమలు పోకూడదని పెట్టేరా?" అన్నాను, కొత్త కోడలినన్న సంగతి మరిచిపోయి.

మావయ్యగారికి కోపం రాలేదు సరిగదా, మంచి ప్రశ్న వేసినట్టు మొహం వెలిగిపోయింది. "పోకుండా కాదమ్మా. మూతకి జాలీ ఉంది కదా, ఇవెక్కడికీ పోవు. బయట సన్న ఎర్రచీమలుంటాయి చూడు, వాటికి ఈ జాలీ ఓ లెక్క కాదు. బల్లెక్కేయంటే పెట్టెలన్నీ ఊడ్చి పారేస్తాయి. వాటి కోసం ఈ నీళ్ళు" అన్నారు. అత్తయ్యగారు నా వైపు చూసి, "విన్నావుగా. ఇంక నీ ఖర్మ" అని మళ్ళీ పూజకి వెళ్ళిపోయారు.

ఆ గాజుపెట్టెలు ఆయన స్వయంగా కోసి అతికించినవే. కళ్ళద్దాలు అరగదీసిన చెయ్యి కదా, అంచులు ఎక్కడా వేలికి తగిలేవి కావు. లోపల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, అందులో గదులూ దారులూ తొలిచేవారు. పైన ఎర్ర ప్లాస్టిక్ కాగితం. చీమల కళ్ళకి ఎరుపు ఆనదట, అందుకని వాటికి చీకటి, మనకి వెలుతురు. రోజూ ఓ తేనె చుక్క, ఉడికిన గుడ్డు సొన కాస్త. బొద్దింక దొరికితే ఆ రోజు వాటికి విందే. ఇంట్లో బొద్దింకని నేను చీపురుతో కొడితే, "చితక్కొట్టకమ్మా, కాళ్ళు బావుంటాయి" అనేవారు. ఇలాంటి మాట ఏ కోడలైనా విని ఉంటుందా?

అన్ని పెట్టెల్లోనూ ఆయన ప్రాణమంతా ఒక పెట్టె మీదే ఉండేది. అత్తయ్యగారు పోయిన ఏడాది, తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం, వీధి అరుగు కింద దొరికింది అందులోని రాణి గండుచీమ. రాణిచీమలకి రెక్కలుంటాయి. జతకట్టి నేల మీద వాలాక ఆ రెక్కలు అవే విరుచుకుని, గూటికి చోటు వెతుక్కుంటాయి. అలా వెతుక్కుంటున్నదాన్ని గాజుగొట్టంలోకి తెచ్చారు. గొట్టం అడుగున నీళ్ళు, అవి ఒలక్కుండా దూది బిరడా, పైన నల్లకాగితం చుట్టి అలమరలో పెట్టేశారు. తిండి పెట్టరా అని అడిగాను. "వద్దమ్మా. రెక్కలాడించిన కండ ఉంది కదా, ఇంక ఎగిరే పని లేదు కనక అది కరిగించుకుని పిల్లల్ని సాకుతుంది. మనం చెయ్యవలసిందల్లా మాటిమాటికీ తీసి చూడకపోవడమే" అన్నారు. ఊరందరికీ చూపు సరిచేసిన మనిషి, చూడకుండా ఉండలేక అలమర చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశారో! చివరికి ఓ పొద్దున్న వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, పెద్దావిడకి పిల్లలు" అన్నారు. అత్తయ్యగారు పోయాక ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. పెద్దావిడ అన్న పేరు అలా నిలిచిపోయింది.

ఆయనతో ప్రయాణమంటే మాత్రం నాకు హడలు. కె.గంగవరంలో పెళ్ళికి వెళ్ళాం. అందరూ భోజనాల దగ్గరుంటే ఈయన కొబ్బరితోటలో పుచ్చిన వెదురు చీల్చి, అందులోని చీమల్ని సీసాలోకెక్కించి చొక్కా జేబులో వేసుకున్నారు. తిరుగు బస్సులో మూత ఊడింది. ఉన్నట్టుండి మావయ్యగారు లేచి నిలబడి, చొక్కా విప్పడం మొదలెట్టారు. కుడుతుంటే కొట్టుకుంటాం ఎవరమైనా. ఆయన కొట్టుకోరే, చస్తాయని! కండక్టరు కంగారుపడి, "ఏవండీ, గుండెల్లో గానీ నొప్పా అండీ?" అన్నాడు. "అబ్బే, లేదండీ. చీమలండీ. కొంచెం అందరూ కాళ్ళు పైకి పెట్టుకోండమ్మా, తొక్కకండి" అని ఈయన నేల మీద వంగారు. పెళ్ళికి కట్టుకున్న పట్టుచీరతో నేనూ వంగాను, ఏం చేస్తాను మరి! సీట్ల కింద ఏరుతుంటే ఒకావిడ, "ఏం పోయిందమ్మా, చెవిదుద్దా?" అంది. అవునండీ అన్నాను.

గోదావరి పోటెత్తినప్పుడల్లా జనం ఆయన్ని ఆపి అడిగేవారు. "ఏవండీ, మీ చీమలేమంటున్నాయి? నీళ్ళు వస్తాయంటారా?" అని. "ఆయ్, వచ్చేక చెబుతామన్నాయండి" అనేవారు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఇవేవీ కాదు. ఒకసారి మా ఆయనా నేనూ ఫోన్‌లో గట్టిగా మాటామాటా అనుకున్నాం. ఫోన్ పెట్టేసి హాల్లోనే కూలబడి ఏడుస్తున్నాను. మావయ్యగారు వసారాలోంచి వచ్చారు, నన్ను చూశారు. ఏమిటమ్మా అనలేదు. వాడేమన్నాడు అనలేదు. మెల్లిగా వెళ్ళి లైటు ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, వీధిలోకి వెళ్ళిపోయారు. మర్నాడు కాఫీ తాగుతూ, పెట్టె మీద ఎర్ర కాగితం సర్దుతున్నట్టు అటే చూస్తూ, "ఎవరింట్లోనైనా కాస్త చీకటుండాలమ్మా. లేకపోతే బతకలేవు" అన్నారు. చీమల సంగతే చెప్పారేమో. నా సంగతే అనుకున్నాను. కన్నతండ్రి కూడా నన్ను అంత మర్యాదగా ఏడవనివ్వలేదు.

ఇక ఆయన పోయిన రోజు. ద్రాక్షారామం నుంచి నేను వచ్చేసరికే రాజోలు పిన్నిగారు దిగారు. ఆవిడ మావయ్యగారి చెల్లెలు. అన్నగారంటే ప్రాణం, ఆచారమంటే అంతకంటే ప్రాణం. ఇల్లంతా ఆవిడ చేతుల మీదే నడిచింది. మా ఆయన మస్కట్ నుంచి వచ్చి కర్మ చేశారు. చుట్టాలు, వంటలు, ఏడుపులు. ఆ గొడవలో నా మనసులో ఒకటే మాట తిరుగుతూ ఉండేది. పెద్దావిడని దక్కించుకోవాలి. మావయ్యగారిని దక్కించుకోలేకపోయాం, ఆయన పెంచుకున్న ఆ ఒక్క ప్రాణినైనా దక్కించుకోవాలి. కొన్నాళ్ళు తిండి పెట్టకపోయినా వాటికేం కాదని ఆయనే చెప్పారు కనక కొంత ధైర్యం. ఆ ఖాళీ కుర్చీ చూడలేక వసారా వైపు వెళ్ళలేదు.

ఇంట్లో మనిషి పోతే నిలవున్న నీళ్ళు పారబోస్తారు. మీ ఇళ్ళల్లోనూ చేసే ఉంటారు. పిన్నిగారు బిందెలు వంచారు, గంగాళం వంచారు, బకెట్లు వంచారు. వసారాలోకి వెళ్ళి బల్ల కోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు కూడా ఖాళీ చేసి, తోమి, బోర్లించారు.

చుట్టాలు కాస్త పలచబడ్డాక తేనె సీసా పట్టుకుని వెళ్ళాను. బల్లకోడు మీద సన్నటి ఎర్రగీత, నేల నుంచి పైదాకా. కదులుతోంది. గుడ్డ తీశాను. ఏ పెట్టెలోనూ గండుచీమ అన్నది నిలబడి లేదు. పెద్దావిడ తన గదిలో, గోడకి ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. ఆవిడ చుట్టూ ఆవిడ పిల్లలు, అడ్డం పడి పోరాడినవి పోరాడినట్టే. తేనె సీసా ఎక్కడ పెట్టానో, అసలు పెట్టానో లేదో, గుర్తులేదు.

వెనకాలే పిన్నిగారు వచ్చారు. నేను చూస్తున్నది చూశారు. "ఆ నీళ్ళు వీటికేనా?" అన్నారు. ఆయ్ అన్నాను. "నేనే పారబోసేనే అమ్మాయ్. మైల నీళ్ళు కదా అని..." అన్నారు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిణ్ణి రెండు భుజాలూ పట్టుకుని ఊపేయాలనిపించింది. కానీ ఆవిడ మావయ్యగారి కుర్చీలో కూర్చుండిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని, "అన్నయ్యా, నీ ఇల్లు కడిగేననుకున్నాన్రా" అని ఏడుస్తుంటే ఎవర్ని అనగలను? మా ఆయన ఆచారం ప్రకారం చెయ్యవలసింది చేశారు. ఆవిడా అంతే. నేనూ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత ఇల్లు ఎలా ఉందో ఏం చెప్పను. పంచదార డబ్బా మూత పెట్టకుండా వదిలేసేదాన్ని, ఒక్క చీమైనా రాకపోతుందా అని. బొద్దింక కనిపిస్తే చీపురెత్తి, చితక్కుండా కొట్టి, ఎవరికని కొట్టానో తెలియక నిలబడేదాన్ని. మావయ్యగారి మీద బెంగ వీటన్నిటి వెనకాలే వచ్చేది. మస్కట్ నుంచి మా ఆయన, "అమ్మేద్దామా ఆ గాజుపెట్టెలు, ఖాళీగా ఎందుకు?" అంటే గయ్యిమన్నాను.

తొలకరి పడింది. మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం గుమ్మంలో పిన్నిగారు! చేతిలో సంచీ, గొడుగు, మొహంలో బెరుకు. "ఊరికే వచ్చేనే" అన్నారు. కాళ్ళు కడుక్కుని తిన్నగా వసారాలోకి వెళ్ళి, పళ్ళేలు సరిచేసి, నీళ్ళు పోసి వచ్చారు. నేను చూడనట్టే ఊరుకున్నాను. సాయంత్రం చినుకులు తగ్గుతూ ఉండగా, "ఇప్పుడే కదూ వస్తాయీ?" అన్నారు. ఆయ్, వస్తే ఇప్పుడేనండి అన్నాను.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరం వీధిలోకి వెళ్ళాం. మెట్ల దగ్గర పిన్నిగారే చూశారు ముందు. రెక్కలు విరుచుకున్న రాణి, నల్లగా, నడుము బరువుగా, గోడవారన చోటు వెతుక్కుంటోంది. గండుచీమో, ఇంకేదో, గూడు పెట్టేదో కాదో, నాకు తెలియదు. ఎన్నేళ్ళు ఆయన పక్కన ఉన్నాను! నేర్చుకోవలసిందంతా ఇంకా ఉందనే అనుకున్నాను. ఇప్పుడు అడగడానికి మనిషి లేరు. ఆ క్షణంలో ఆయన కావాలనిపించినంత గట్టిగా నాకు ఈ జన్మలో ఏదీ కావాలనిపించలేదు.

"పట్టుకోవే, పోతుంది" అన్నారు పిన్నిగారు. పట్టుకోకూడదండి, అదే రావాలి అన్నాను. మావయ్యగారు ఎప్పుడూ అంతే చేసేవారు. గాజుగొట్టం దాని దారికి అడ్డంగా నేల మీద పడుకోబెట్టి, దూరంగా జరిగాను.

చినుకులు మళ్ళీ పెద్దవయ్యాయి. పిన్నిగారు చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా గొంతుక్కూర్చుని, తన నెత్తిన ఉన్న గొడుగు తీసి ఆ గొట్టం మీద పట్టారు. "రామ్మా. లోపలికి రా" అన్నారు, చాలా మెల్లిగా, గుమ్మంలో ఆగిపోయిన చుట్టాన్ని పిలిచినట్టు. అది గొట్టం దగ్గరకొచ్చి ఆగింది. రెండు మీసాలూ గాజు అంచు మీద ఆనించి, వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆనించింది. వాన పిన్నిగారి నెరిసిన జుట్టు మీంచి చెంపల మీదకి కారుతోంది. గొడుగు మాత్రం కదలనివ్వడం లేదు.