అమ్మ కూర్చునే ముప్పావుగంట

మొన్న తార్నాకలో మందుల షాపుకి వెళ్తే కౌంటరు మీద నీలం రంగు ప్యాకెట్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. పాదాలు నానబెట్టుకునే ఉప్పట. వేణ్నీళ్లలో కలిపి పది నిమిషాలు కాళ్లు పెట్టుకుంటే అలసటంతా పోతుందని షాపతను ఒకటి తీసి నా చేతికిచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నీలగిరి ఆకుల వాసన. చుట్టూ బళ్ల హారన్లు మోగుతున్నా కాసేపు నాకేమీ వినిపించలేదు. ప్యాకెట్ మాత్రం తిరిగి ఇచ్చేశాను. మా అమ్మ ఆ సుఖాన్ని ఎవరి దగ్గరా కొనుక్కోలేదు, ఇంట్లో అందరితో కొట్లాడి తెచ్చుకుంది. ఆ కొట్లాటకు నేను సాక్షిని.

అప్పట్లో మేం యూనివర్సిటీ క్యాంపస్‌లో స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, పొగచూరిన వంటిల్లు, పెరట్లో ఎన్నడూ పండు మాగనివ్వకుండా మేమే కోసుకు తినేసే జామచెట్టు. చలికాలం పొద్దున హాస్టళ్ల వైపు వెళ్లే రోడ్డు మీద మంచు కమ్ముకుని సైకిళ్ల గంటలు మాత్రమే వినిపించేవి. ఎండాకాలం బండరాళ్లు మధ్యాహ్నానికి పెనంలా కాలి, సాయంత్రానికి మేం జారుడుబల్లలా జారి గౌన్లు చించుకోవడానికి సరిగ్గా గోరువెచ్చగా అయ్యేవి. వానాకాలం తొక్కుడుబిళ్ల గీతలు గీసినవి గీసినట్టే కొట్టుకుపోయేవి. మాది జమ్మలమడుగు వైపు కాబట్టి ఉగాదికి మా ఇంట్లో ఓలిగల మీద, అదే బొబ్బట్ల మీద, నెయ్యి కారేది. క్రిస్మస్‌కి పక్కింటి గుంటూరు టీచరమ్మ పంపిన పళ్లెంలో కజ్జికాయలు, గులాబీపువ్వులు ఉండేవి. ఈ వంటలన్నీ చేసిన ఆడవాళ్లలో చాలామంది పగలంతా ఆఫీసుల్లోనో స్కూళ్లలోనో పనిచేసి వచ్చినవాళ్లే. సాయంత్రం చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లేవాళ్లు. అది అంత మామూలు సంగతి కావడం వల్లనే మా అమ్మ చేసే పని క్వార్టర్స్ అంతటికీ వింతైపోయింది.

అమ్మ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం చేసేది. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. ఇనుప బండి తోసుకుంటూ అలమరాల మధ్య తిరగాలి, నిచ్చెన ఎక్కాలి, దిగాలి. గాలి మా వైపు తిరిగిన రోజుల్లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూత వినిపించేది. అది వినిపించిన కాసేపటికి అమ్మ టిఫిన్ సంచీ ఊపుకుంటూ వచ్చేది. దారిలో రాలిన నీలగిరి ఆకులు నాలుగు ఆ సంచీలో ఉండేవి. రాగానే స్టవ్ మీద నీళ్లు పెట్టేది. సత్తు బేసినులో ఆ నీళ్లు పోసి, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, ఆకులు నలిపి వేసి, లోపలి గదిలో పడమటి కిటికీ దగ్గర వైరు కుర్చీలో కూర్చుని, తలుపు దగ్గరగా వేసి, జడ విప్పుకుని, కాళ్లు నీళ్లలో పెట్టేది. కళ్ల మీద తడిగుడ్డ. నీళ్లు చల్లారాక వేళ్ల సందులు కూడా వదలకుండా తుడుచుకుని, పగిలిన మడమలకు నువ్వులనూనె నెమ్మదిగా రుద్దుకుని, ఒక గ్లాసు శొంఠినీళ్లు గుక్కగుక్కగా తాగేది. ఐదుంపావు నుంచి ఆరు దాకా అంతే. ఆ ముప్పావుగంటలో ఆమె ఎవరికీ భార్య కాదు, తల్లి కాదు. మాట్లాడకుండా ఉంటానంటే నన్ను మాత్రం పక్కన నేల మీద కూర్చోనిచ్చేది. అమ్మ ఊపిరి మొదట గబగబా ఆడి, తర్వాత నిదానించి, చివరికి వినపడకుండా పోవడం నాకు బాగా గుర్తు.

నాన్న హాస్టల్ ఆఫీసులో క్లర్కు. చెడ్డవాడు కాదు. ఆ ముప్పావుగంట ఆయన బయట రోడ్డు మీద పచార్లు చేసి వచ్చేవాడు. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా ఆయన అక్క ఓబులమ్మత్త మోకాళ్లకు వైద్యం కోసం ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఆరు నెలలు ఉంది. దాంతో ఆ సర్దుబాటు చెదిరిపోయింది.

వచ్చిన కొత్తలో అత్త కూర్చోవడం నేను చూడలేదు. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చేది. బియ్యం నిలబడే చెరిగేది. అన్నం కూడా గోడకు ఆనుకుని, పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడే తినేది. మోకాళ్లు కుండల్లా వాచి ఉండేవి. విశ్రాంతి తీసుకోమని డాక్టర్ చెబితే, ఆ మాట ఇంటికొచ్చి అందరికీ చెప్పి నవ్వింది. అలాంటి మనిషి కంట్లో మా అమ్మ బేసిను పడింది. మొదటి వారం గొణిగింది. రెండో వారం నాన్న చెవిన వేసింది. మూడో వారానికి తలుపు అవతలి నుంచే అమ్మకు వినపడేలా అనడం మొదలుపెట్టింది: "ఆడమనిషి ఆపీసు నుంచి వచ్చి రాణి మాదిరి కాళ్లు నీళ్లల్లో పెట్టుకోని కూచుంటే, మొగోడు టీ కాచుకోవాల్నా?"

అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

ఒక సాయంత్రం నాన్న ముందుగా చెప్పకుండా తన సూపరింటెండెంటును వెంటబెట్టుకుని వచ్చాడు. ఐదున్నర అయివుంటుంది. అత్త లోపలికి వచ్చి పెద్దాయన వచ్చాడని, లెమ్మని అమ్మ చెవిలో చెప్పింది. ఆరింటికి వస్తానని చెప్పమంది అమ్మ, కళ్ల మీద గుడ్డ కూడా తీయకుండా. అత్త బిత్తరపోయి బయటికి వెళ్లింది. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు, పాలు పొంగి మాడిన వాసన. నాన్న తనే టీ పెడుతున్నాడు. ముందుగదిలో ఆ సూపరింటెండెంటు పాపం మర్యాదగానే, ఇంట్లో ఆమెకు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. టీ అందిస్తూ అవునండీ అన్నాడు నాన్న.

ఆ 'అవునండీ' వినగానే అమ్మ కళ్ల మీద గుడ్డ తీసేసింది. తుడుచుకోకుండా అలాగే లేచింది. గచ్చు మీద తడి అడుగులు వేసుకుంటూ, జడ విరబోసుకునే వెళ్లి, గడపలో నిలబడింది. నేను ఆమె వెనకాలే ఉన్నాను.

"నాకేం బాగలేకుండా లేదు సార్. బాగుండాను. అలిసిపొయ్యి కూచోనుండాను, అంతే."

ఆ మాట చెప్పి మళ్లీ లోపలికి వచ్చి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. ఆయన టీ సగం తాగి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక ఇంట్లో జరిగిన గొడవ నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పరువు పోయిందన్నాడు నాన్న. ఊళ్లో అయితే ఇలాంటి కోడలిని ఏం చేసేవారో అత్త వివరంగా చెప్పింది. ఇదంతా రేపటి నుంచి మానెయ్యమన్నాడు నాన్న. మాననంది అమ్మ. గొంతు పెంచలేదు, ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి, నాన్నతో కాదు, అత్తతో చెప్పింది.

"మా యమ్మ కూచోంగా నేను ఒగనాడూ చూళ్లేదొదినా. పండుకోంగా చూసింది ఒగే ఒగసారి. ఆ పొద్దు ఆమెను లేపేదానికి ఎవురితోనూ కాలా. నా బిడ్డ నన్ను కూచోంగా చూడాల."

మా అమ్మమ్మ శెనక్కాయల చేన్లలో కూలికి వెళ్లేదని, అమ్మకు పెళ్లికాక ముందే పోయిందని నాకు తెలుసు. ఎలా పోయిందో ఆ రోజే తెలిసింది. నాన్న మూడు రోజులు అమ్మతో మాట్లాడలేదు. అమ్మ మరుసటి రోజు కూడా నీళ్లు కాచుకుంది, ఉప్పు వేసుకుంది, ఆకులు నలుపుకుంది. అంతకుముందు దగ్గరగా వేసే తలుపును ఆ రోజు నుంచి బార్లా తెరిచి పెట్టింది. ముందుగదిలోంచి చూస్తే నేరుగా ఆమె కాళ్లే కనపడేవి. కుర్చీని అలా జరుపుకుంది కూడా.

తర్వాత కొన్నాళ్లకు మా బడిలో ఒంటిపూటతో వదిలేస్తే నేను మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. వాకిట్లో ఎవరూ లేరు. లోపలి గదిలో, పడమటి కిటికీ దగ్గర, వైరు కుర్చీలో ఓబులమ్మత్త కూర్చుని ఉంది. చీర మోకాళ్ల దాకా లాక్కుని, వాచిన కాళ్లు రెండూ బేసినులో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా నిద్రపోతోంది. నేను పుస్తకాల సంచీ కింద పెట్టిన చప్పుడుకి ఉలిక్కిపడి లేవబోయి, లేవలేక, నన్ను చూసి ముందు కోపంగా, తర్వాత దీనంగా ముఖం పెట్టింది.

"మీ యమ్మకు చెప్పాకు పాపా," అంది.

నేను చెప్పలేదు. కానీ ఉప్పు జాడీ త్వరత్వరగా ఖాళీ అవుతుంటే ఇల్లు నడిపే మనిషికి తెలియకుండా ఉంటుందా? ఆ వారం నుంచి అమ్మ టిఫిన్ సంచీలో ఆకులు రెట్టింపు వచ్చేవి. సగం తను వాడుకుని, మిగతా సగం కిటికీ మీద పెట్టి మర్నాడు లైబ్రరీకి వెళ్లేది. వాటి గురించి ఆమె అడగలేదు, అత్తా చెప్పలేదు.

దసరా ముందు సూపరింటెండెంటు మళ్లీ వచ్చాడు, కూతురి పెళ్లి కార్డు ఇవ్వడానికి. అదే వేళ. నాన్న ముఖం పాలిపోయింది. అమ్మ కాళ్లు నీళ్లలో ఉన్నాయి, తలుపు తెరిచే ఉంది. అప్పుడు అత్త ముందుగదిలోకి వచ్చి, లోపలి గది గడపకు అడ్డంగా స్టూలు లాక్కుని, దాని మీద కూర్చుంది. పరాయి మగవాడి ఎదుట, కాళ్లు చాపుకుని, కూర్చుంది.

"మా మరదలు కూచోనుండాది సార్. ఆరింటికి లేస్తాది," అంది. "మీరూ కూచోండి."

నాన్న ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లాడు. ఈసారి పాలు పొంగలేదు. సూపరింటెండెంటు కొంతసేపు ఇబ్బందిగా కదిలి, తర్వాత ఎందుకో కుర్చీలో వెనక్కి వాలి, వంగి తన బూట్ల లేసులు వదులు చేసుకున్నాడు. ఆరింటికి అమ్మ తల దువ్వుకుని వచ్చి కార్డు అందుకుంది. ఆయన ఆమెకు లేచి నమస్కారం పెట్టాడు.

అత్త మోకాళ్లు పూర్తిగా బాగుపడలేదు. ఊరికి వెళ్లాక అక్కడ కూడా కూర్చునేదో లేదో నాకు తెలియదు. కూర్చునే ఉంటుందని అనుకోవడం నాకు ఇష్టం. అమ్మ రిటైరయ్యాక కూడా చాలా ఏళ్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. నాలుగేళ్ల కింద పోయింది. చివరి రోజు దాకా ఐదుంపావుకి ఫోన్ ఎత్తేది కాదు.

ఇప్పుడు నేను హబ్సిగూడలో ఉంటాను. ఫోన్ చేతిలో ఉన్నంతసేపూ ఆఫీసు నా వెంటే ఉంటుంది. సాయంత్రం ఐదు తర్వాత దాన్ని ఆపేస్తే మా మేనేజరుకు నచ్చదు. రెండుసార్లు పిలిచి అడిగాడు. అలిసిపోయి కూర్చుంటానని చెప్పాను. అనారోగ్యమని మాత్రం చెప్పలేదు, చెప్పను.

పోయిన ఆదివారం క్యాంపస్‌లోకి నడుచుకుంటూ వెళ్లాను. మా క్వార్టర్స్ వరస లేదు. జామచెట్టూ లేదు. మేం జారిన బండల్ని పగలగొట్టి చదును చేశారు. వర్క్‌షాపు కూత వినిపిస్తుందేమోనని నిలబడితే మెట్రో రైలు వెళ్లిన చప్పుడు వచ్చింది. సాయంత్రాలు వాకిళ్లలో ఆడే పిల్లలు లేరు, పళ్లేలు ఇచ్చిపుచ్చుకునే గోడలు లేవు, ఆ ఇళ్లలో నిలబడి నిలబడి బతికిన ఆడవాళ్లలో ఒక్కరూ లేరు. మా ఇల్లు సుమారుగా ఎక్కడ ఉండేదో చూసుకుని, అక్కడ కల్వర్టు గోడ మీద కూర్చున్నాను.

సెక్యూరిటీ అతను రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది మేడం, ఒంట్లో మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది."

"మరి గీడెందుకు కూసున్నరు? ఎవరన్న వస్తున్నరా?"

ఎవరూ రావడం లేదని చెప్పాను. ఇక్కడ కూర్చోవడానికే వచ్చానని చెప్పాను. అతను మెల్లగా గేటు వైపు వెళ్లిపోయాడు. నేను చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, అక్కడే కూర్చున్నాను.