అందరి ఫోన్లలో అత్తమ్మ ప్రార్థన

మా చర్చి వాట్సాప్ గ్రూపంటే నాకు ఒళ్ళు మంట. ముసలివాళ్ళు తెల్లారకముందే వాయిస్ మెసేజ్‌లు పెడతారు. నా ఈడువాళ్ళు వినకుండానే దండాల బొమ్మలు కొడతారు. పిల్లలు గ్రూపును మ్యూట్‌లో పడేసి అటువైపే చూడరు.

మా అత్తమ్మకు ఫోన్ నేర్పింది నేనే. ఆమెకు అక్షరాలు ఆనవు. పదిసార్లు అడిగేసరికి విసుక్కుని, "గీ మైకు గుర్తు ఒత్తిపట్టి మాట్లాడున్రి, అంతే" అన్నాను. ఎవరికి పోతుందో చూసుకోవడం నేర్పలేదు. అంత ఓపిక నాకెక్కడిది?

మొన్న మార్చిలో నా రొమ్ములో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. నా భర్తకు, అత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా కూతురు ఇంటర్ పరీక్షలు రాస్తోంది. అవి అయ్యేదాకా దానికి తెలియకూడదని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎన్నడూ పలకరించని ఒకావిడ నన్ను వాటేసుకుని, "గడ్డ కరిగిపోతది, జర ధైర్యంగుండు చెల్లె" అంది. పక్కకెళ్ళి ఫోన్ తీశాను. గ్రూపు తెరిస్తే, శుక్రవారం పొద్దున పెట్టిన అత్తమ్మ గొంతు. "ప్రభువా, నా కోడలి రొమ్ముల గడ్డను ముట్టు." కింద వరుసగా దండాలు. ఎలా ఉన్నావని ఒక్కరూ ఫోన్ చేయలేదు.

ఇంటికొచ్చి ఆమె మీద విరుచుకుపడ్డాను.

"పాస్టరమ్మకే పెట్టిన అనుకున్న బిడ్డా."

"ఊరంత చాటింపేసిన్రు గద అత్తమ్మా!"

"ప్రార్థన జేసుడు తప్పా?"

ఆమె చేతిలోని ఫోన్ లాక్కుని డిలీట్ నొక్కాను. మాయమైంది. హమ్మయ్య అనుకున్నాను. తీరా నా ఫోన్ చూస్తే అక్కడ అలాగే ఉంది. ఆమె ఫోన్లో మాత్రమే తుడిచాను.

ఇక దిక్కులేక కూతురి గదిలోకి వెళ్ళాను. పుస్తకం ముందు కూర్చుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. రెండు రోజుల నుంచి వాటిని తీయడమే లేదు. చూస్తేనే పీకి పారేయాలనిపిస్తుంది.

"ఒక మెసేజ్ అందరి ఫోన్లలకెళ్ళి తీసెయ్యాలంటె ఎట్లనే?" అని అరిచాను, ఏ మెసేజో చెప్పకుండా.

"అరవకమ్మా, వినవడుతాంది," అంది తలెత్తకుండానే. "నానమ్మదేనా? ఆ గ్రూపుల నానమ్మ మెసేజ్‌లొక్కటే వింట నేను. శుక్రవారమే విన్న."

ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టింది. వాటిలో ఏ పాటా రావడం లేదు.

"నువ్వు చెప్తవేమో అని చూస్తాన్న," అంది.