బ్లాగు అంటే నేను బ్లాకు అనుకున్నా

మొన్న ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం కూర్చోనుంటే, పక్కన మెకానిక్ అంగట్లో ఎవరో గొలుసును కిరసనాయిలులో కడుగుతున్నారు. ఆ వాసన ముక్కుకు తగలగానే లేచి నిలబడ్డాను. సారు వస్తే లేచి నిలబడే అలవాటు నాది. ఆయన చేతులు ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వాసన పోయేది కాదు. అన్నం కలుపుకునే ముందు వేళ్ళు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకొని, సరేలే అన్నట్టు కలుపుకునేవాడు. ఆయన పోయి ఇన్నేండ్లయింది, నా కాళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియలేదు. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

నాకు రాయడం సరిగ్గా రాదు. నోటితో చెప్పడం వచ్చు, అదీ ఆయన నేర్పిందే. అందుకే చెప్తున్నా, రాసేవాళ్ళు రాసుకుంటున్నారు.

సారు అంటే బడి సారు కాదు. పేరు వెంకటసుబ్బయ్య. ఆళ్లగడ్డలో చిన్న అచ్చు ప్రెస్సు ఉండేది ఆయనకు. పెళ్లి పత్రికలు, తిరునాళ్ళ నోటీసులు వేసేవాడు. నా మొగుడు ఆడ ట్రెడిల్ మిషను తొక్కేవాడు. తొంభైలలో ఒక ఎండాకాలం పచ్చకామెర్లు వచ్చి పది దినాల్లో పోయాడు. దినాలు అయిన మరుసటి రోజు, మొగుడి టవలూ చెప్పులూ తెచ్చుకుందామని ప్రెస్సుకు పోయాను. సారు నన్ను కూర్చోమని, ముందర ఒక బేసిను పెట్టాడు. దాంట్లో కిరసనాయిలులో తడిసిన సీసం అక్షరాలు ఉన్నాయి. అచ్చు అయిపోయినాక ఒక్కో అక్షరాన్నీ కడిగి దాని గడిలో మళ్ళీ వేయాలంట. నాకు సదువు రాదు సారూ అన్నాను.

"సదవమని ఎవరన్నారు? చూడు. చూసింది చూసినట్టు చెప్పు."

ఒకటి తీసి, కుండకు మూత పెట్టినట్టుంది అన్నాను. ఈ గడి అన్నాడు. ఇంకొకటి తీసి, ముసలామె వంగి నీళ్ళు తోడుతున్నట్టుంది అన్నాను. ఆ గడి అన్నాడు. సాయంత్రానికి బేసిను ఖాళీ అయింది. మొగుడు పోయినాక ఏడవకుండా గడిచిన మొదటి పూట అదే.

సీసం అక్షరం అద్దంలో మాదిరి తిరగేసి ఉంటుంది. నేను నేర్చుకున్నది ఆ తిరగేసిన అక్షరాలే. పింఛను కాగితాల కోసం ఆఫీసుకు పోయినప్పుడు వేలిముద్ర వద్దు, సంతకం చేస్తానని గొప్పగా పెన్ను అడిగి, ఓబులమ్మ అని కుడి నుంచి ఎడమకు, అక్షరం అక్షరం తిరగేసి రాశాను. ఆడున్న ఒకాయన ఆ కాగితం పైకెత్తి నలుగురికీ చూపించాడు. అందరూ నవ్వారు. పాడైన కాగితమని నా చేతికే ఇచ్చేసినారు. ఏడ్చుకుంటా ప్రెస్సుకు వస్తే సారు దాన్ని తీసుకొని శానాసేపు చూశాడు. ఆయన నవ్వలేదు. "తప్పేం ల్యా. అచ్చేస్తే సరిగ్గా పడుతుంది" అన్నాడు. ఆ మాట తర్వాత నన్ను ఎవరు ఎగతాళి చేసినా నాకు తగల్లేదు.

ఆయనకు కోపం వచ్చింది కూడా చూశాను. పత్రిక పైన వేసే ఐదు రేకుల పువ్వు బ్లాకు ఒకటుండేది, బొమ్మలు అచ్చేసే దిమ్మను బ్లాకు అంటారు. దుమ్ము తుడుస్తా దాన్ని బండ మీద పడేశాను. ఒక రేకు కొన విరిగింది. భయపడి కొంగులో కట్టుకున్నా. రెండు దినాలు వెతికినాక సారు నన్ను అడిగితే విప్పి ఇచ్చాను. ఆ పొద్దు ఆయన గొంతు పెంచలేదు గానీ, పెంచినా బాగుండేది.

"పగలగొట్టినందుకు ఏమీ అనను. దాచినావే, దానికి అంటాండా."

విరిగిన బ్లాకునే అచ్చుకు వాడాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డలో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ పత్రిక మీద రేకు విరిగిన పువ్వే పడింది. ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే మా ప్రెస్సు గుర్తు అని చెప్పేవాడేమో.

సారుకు ఒక్కటే కూతురు, శారదమ్మ. తల్లి లేని పిల్ల, ప్రెస్సులో బల్ల కిందనే పెరిగింది. నంద్యాలలో కంప్యూటరు నేర్చుకొని వచ్చి, నాయనా, మనమూ ఒకటి కొందాం, ఈ సీసం ఇంక ఎన్నాళ్ళో నడవదు అనింది. ఆయన వినలేదు. పిల్లా తగ్గలేదు. నంద్యాలలోనే ఒక డీటీపీ అంగట్లో చేరింది. రెండేండ్లు తిరక్కుండా ఆళ్లగడ్డ పెళ్ళిళ్ళన్నీ ఆ అంగటికే పోయాయి. ఒకరోజు ఆ పిల్ల చేసిన పత్రిక మా ప్రెస్సుకే వచ్చింది, పిలుపుగా. సారు ఎర్ర పెన్సిలు పట్టుకొని తప్పు కోసం దాన్ని రెండుసార్లు చదివాడు. దొరకలేదు. పెన్సిలు కింద పెట్టాడు. ఆ దినం నుంచి కూతురి పేరు ఎత్తలేదు. ఆ పిల్ల తనకు నచ్చినోణ్ణి చేసుకొని బళ్లారి పోయింది. ఒకసారి అన్నం వడ్డిస్తా, శారదమ్మకు ఒక కార్డు ముక్క రాస్తే ఏం పోతుంది సారూ అన్నాను. తట్ట ముందర నుంచి లేచి పోయాడు. రెండు దినాలు నా చేతి అన్నం ముట్టలేదు.

ప్రెస్సు పాత ఇనుము తూకానికి పోయింది. బ్లాకుల డబ్బా ఒకటే మిగుల్చుకొని సారు నంద్యాల వచ్చి, ఒక నెట్ సెంటరు మేడ మీద గది తీసుకున్నాడు. అచ్చుకు పోయే కాగితాల్లో తప్పులు దిద్ది ఇచ్చేవాడు. నేను కింద నెట్ సెంటరు ఊడ్చి, పైన ఆయనకు వండి పెట్టేదాన్ని. అప్పటికే ఆయన కండ్లకు నీటికాసులు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్న నాలుగు మాటలు కనపడతాయి, పక్కన ఏముందో కనపడదు. అయినా పొద్దున్నే సెంటరు తెరవక ముందు కంప్యూటరు ముందర కూర్చొని, ఎవరెవరో తమ సంగతులు రాసుకునే పేజీలు చదివి, మీరు ఈ మాట తప్పు రాశారని వాళ్ళకు జాబులు పెట్టేవాడు. కొందరు తిట్టారు. కొందరికి ఇష్టమైంది. వాళ్ళే ఒక పోటీ పెట్టి, సారును న్యాయం చెప్పమన్నారు. రాత ఎట్లుందో, పేజీ చూడ్డానికి ఎట్లుందో రెండూ చెప్పాలంట.

రేపు పొద్దున బ్లాగులు చూడాల, నువ్వూ రా అన్నాడు. నేను బ్లాకులు అనుకొని, డబ్బా దించి, ఒక్కో బ్లాకునూ కిరసనాయిలుతో తుడిచి, కంప్యూటరు పక్కన వరసగా పేర్చి పెట్టాను. సారు చేత్తో తడిమి, ఏందో అర్థమై, కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అంత నవ్వు ఆళ్లగడ్డ వదిలినాక అదే. నవ్వుతానే పువ్వు బ్లాకు చేతికి తగిలింది. విరిగిన రేకు మీద బొటనవేలు రాస్తా ఉండిపోయాడు. తర్వాత, డబ్బాలో పెట్టెయ్ అన్నాడు.

ఆయనకు పేజీ మొత్తం కనపడదు, నాకు చదవడం రాదు. కాబట్టి నేను నాలుగడుగులు వెనక నిలబడి చూసింది చెప్పాలి, ఆయన భూతద్దం పెట్టుకొని పైకి చదవాలి. ఎర్ర రంగు మీద పచ్చ అక్షరాలు సారూ, తిరునాళ్ళ లారీ మాదిరి ఉంది అంటే, రాసుకునేవాడు. ఇంకొకదాంట్లో పూలు రాలుతా ఉంటే, ఊడ్చేకి నన్ను పంపమను సారూ అన్నాను. రాత మీద కూడా నన్ను అడిగేవాడు. ఒకాయన వాళ్ళమ్మ పోయిన సంగతి రాశాడు. అది విని, "ఈయప్ప ఏడుస్తా ల్యా సారూ, ఏడ్చేది మనం చూస్తాండామా ల్యాదా అని చూస్తాండాడు" అన్నాను. ఆ మాట ఉన్నదున్నట్టు రాసి పంపినాడు.

మూడో దినం ఒక పేజీ వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు. తెల్లటి పేజీ, చుట్టూ బాగా చోటు. పైన చిన్న పువ్వు. ఐదు రేకులు. ఒక రేకు కొన విరిగి ఉంది.

ఆ పువ్వు పడిన పత్రికలు ఊరంతా ఉంటాయి, కానీ దాన్ని తెచ్చి తన పేజీ నెత్తిన పెట్టుకునేది లోకంలో ఒక్కతే.

పేజీ ఎట్లుంది అని అడిగాడు సారు. అక్షరాలకు గాలి ఆడతాంది సారూ అన్నాను.

"పైన ఏమన్నా బొమ్మ ఉందా?"

"పువ్వు ఉంది."

"ఎట్లాంటి పువ్వు?"

తట్ట ముందర నుంచి లేచి పోయిన సారు గుర్తుకొచ్చాడు. చెప్తే ఈ పేజీనీ పక్కకు తోసేస్తాడేమో, పిల్లకు రావాల్సింది రాకుండా పోతుందేమో అనుకున్నా. ముందు మెచ్చుకోనీ, తర్వాత చెప్దాం అనుకున్నా.

"పువ్వే సారూ" అన్నాను.

ఆయన చదివాడు. కొత్త ఊర్లో ఒకామె సంకటి కెలకడం, ఉండ కుదరకపోవడం, అంతే. చివర నాలుగు వాక్యాలు, ఇంటికి పోవాలని ఉంది, రమ్మంటారో లేదో తెలియదు అని. సారు రెండోసారి చదివాడు. మూడోసారి చదివాడు. అద్దం కింద పెట్టి, కాసేపు తెర మీద అరచెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. రాతకూ పేజీకీ అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసి, కింద ఒక మాట రాస్తా పైకి చదివాడు: "చివరి నాలుగు వాక్యాలు తీసేయాలి. రావాలనుకున్నవాళ్ళు రావాలి, రాయకూడదు."

ఇప్పుడు చెప్దామని నోరు తెరిచాను. సెంటరు వాళ్ళు షట్టరు ఎత్తారు. రేపు చెప్దాం అనుకున్నా. రేపు ఇంకో పేజీ. ఆ వారంలోనే ఒక తెల్లవారి టీ తీసుకుపోతే సారు లేవలేదు.

పోటీ వాళ్ళు ఫలితాలు ఆలస్యంగా చెప్పారు. సారు పోయిన పన్నెండో దినం శారదమ్మ వచ్చింది. చేతిలో ఆ పేజీ కాగితం, కింద సారు మాట, ఆయన పేరు. రమ్మన్నాడనుకొని బళ్లారి నుంచి బస్సెక్కిన పిల్లకు, గదిలో ఖాళీ మంచం చూపించాల్సి వచ్చింది. మంచం అంచున కూర్చొని అడిగింది.

"నాదని నాయనకు తెలిసిందా, ఓబులక్కా?"

తెలిసింది అంటే ఆ పిల్ల బతికుండే దినాలకు సరిపోయేది. నోటి దాకా వచ్చింది. కానీ ఒకసారి దాచినాను, దాని ఖరీదు చూసినాను.

"నాకు తెలీదు పాపా. మూడుసార్లు సదివినాడు. తెర మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. నేను చూసింది అంతే. ఏం పువ్వని నన్ను అడిగినాడు. నేను చెప్పలా."

శారదమ్మ తిట్టినా బాగుండేది. బ్లాకుల డబ్బా తీసుకొని పోతా, పువ్వు బ్లాకు తీసి నా చేతిలో పెట్టింది.

అది ఇప్పుడూ నా వక్కాకు సంచిలో ఉంది. ఎవరైనా ఏదైనా చూపించి ఎట్లుంది అంటే, చూసింది చూసినట్టు చెప్తాను. నోరు చెడ్డదని పేరు కూడా వచ్చింది. సారు అడిగినదానికి మాత్రం బాకీ పడిపోయాను. కిరసనాయిలు వాసన వస్తే చాలు, లేచి నిలబడి, లోపల్లోపలే చెప్తుంటాను.

ఐదు రేకుల పువ్వు సారూ. ఒక రేకు విరిగింది. విరగ్గొట్టింది నేనే.