పడుగు దిగేదాకా ఆగమన్న ఆపరేషన్

కదిరి స్టేషన్‌కు పొద్దున ఆరున్నరకే చేరుకున్నాను. ఏడింటికి రావలసిన బండి తీరిగ్గా ఎనిమిదింటికి వచ్చింది. ధర్మవరం వైపు పోదలచినవాళ్లకు నా సలహా ఒకటే: తిండి ఇంటినుంచే కట్టుకుని పోండి. స్టేషన్ బయట తిన్న ఇడ్లీ చల్లగా ఉంది, చట్నీ నిన్నటిదేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

నేనేమీ తీర్థయాత్రకు పోలేదు. మా అక్క కూతురు పార్వతికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, ఆసుపత్రిలో పక్కన ఒక మనిషి కావాలి. అక్క పోయింది గనక ఆ మనిషిని నేనే. పార్వతికి ముగ్గురు పిల్లలు. మూడో కాన్పులో ఒంట్లో రక్తమంతా పోయి, మనిషి దక్కడమే గొప్పయింది. ఇంకో కాన్పంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ మొగుడి ఎదుటే చెప్పింది. అందరూ సరేనన్నారు. సరేనన్నాక కూడా మూడుసార్లు తేదీ మారింది. ఇక లాభం లేదని నేనే కదిలాను.

రైలు పెట్టెలో నా ఎదురుగా మహబూబ్బీ అనే ఆవిడ కూర్చుంది, ముదిగుబ్బకు పోతోంది. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే చెప్పాను.

"ఆపరేషనే మేలు అక్కా. కాపర్ టీ మాత్రం ఏయించొద్దు. అది మెల్లగా పైకి పాకి గుండెకు తగులుకుంటాది."

"గర్భసంచి యాడ, గుండె యాడ తల్లీ? దానికేమన్నా కాళ్లుండాయా?"

"మరి మా పక్కింటామెకు ఆయాసం వచ్చె గదా!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఔనౌనని తలలూపారు. మాత్రలు మింగితే ఒళ్లు వేడి చేసి జుట్టు ఊడుతుందని ఇంకొకామె అందుకుంది. ముదిగుబ్బ దాకా వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాను. దిగేటప్పుడు మహబూబ్బీ నా చేతిలో రెండు జామకాయలు పెట్టి, "కోపం తగ్గించుకో అక్కా, బీపీ వస్తాది" అని చక్కా పోయింది.

ధర్మవరంలో దిగేసరికి పది దాటింది. అక్కణ్ణుంచి పార్వతి వాళ్ల ఊరికి పోను షేర్ ఆటో దొరుకుతుంది గాని, మనుషులు నిండేదాకా కదలదు. దారి పొడవునా ఎండుతున్న వేరుశనగ చేలు. డ్రైవరు ఆకాశాన్ని తిడుతూనే నడిపాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు. గుంటలో కాళ్లు పెట్టుకుని అల్లుడు నాగరాజు, పక్కనే పార్వతి. తెల్లారితే ఆపరేషన్ ఉన్న మనిషి చీర నేస్తూ కూర్చుంది!

"ఏమప్పా, రేపటికి సంచి సర్దుకోలేదా?" అన్నాను.

"పడుగు ఎక్కించినాం అత్తా. ఇంకా రెండు చీరలు ఉండాయి. అయిపోయినాక పోదాం లే" అన్నాడు నాగరాజు, తలెత్తకుండా.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నిలువు దారాల పడుగు ఒకసారి మగ్గమెక్కిందంటే, అందులోని చీరలన్నీ దిగేదాకా పని ఆపరు. అంచు వేరే రంగు వచ్చే చీరకు ఇద్దరు కావాలి. ఒకరు నేస్తుంటే రెండోవాళ్లు పక్కన కూర్చుని అంచుదారం చుట్టిన నాడెను అందిస్తూ ఉండాలి. ఆ రెండో మనిషి పార్వతి. ఆపరేషన్ అయితే కొన్నాళ్లు విశ్రాంతి కావాలి. ఈ పడుగు దిగిన వెంటనే ఇంకో పడుగు ఎక్కుతుంది. ఇదీ, మూడు తేదీలు మారిన కథ. మనిషి పోయినా ఫరవాలేదు గాని మగ్గం ఆగకూడదు!

నాకు ఒళ్లు మండింది. "అట్లయితే నువ్వే చేయించుకో నాయనా. మగోళ్లకు చిన్న పని. ఆ సాయంత్రమే ఇంటికొస్తావు."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. నాగరాజు తల్లి లక్ష్మక్క వంటింట్లోంచి ఊడిపడింది.

"ఏం మాటలు వదినా అవి! కాళ్లతో మగ్గం తొక్కేటోడు. నరం తెగితే తొక్కగలడా? మేమంతా యాడ తినాల?"

"కాలి నరం కాదు వదినా, అది వేరే!"

"అన్నీ ఒక ఒంట్లోవే గదా!"

దీనికన్నా మహబూబ్బీ నయమనిపించింది. "సరే, పార్వతి జాగాలో నేనే కూచుంటా" అని దాన్ని లేపి కూర్చున్నాను. నేనూ నేతవాళ్లింట పుట్టినదాన్నే. కాకపోతే పెళ్లయ్యాక మగ్గం ముట్టలేదు. భోజనాల వేళలోపే అంచు రెండుచోట్ల తప్పింది. నాగరాజు నన్నేమీ అనలేక పళ్లు కొరుకుతూ పోగులు వెనక్కి తీశాడు. మూడోసారి తప్పగానే లక్ష్మక్క నా రెక్క పట్టుకుంది.

"లేయి తల్లీ, లేయి. చీర చెడగొట్టి మమ్మల్ని రోడ్డున పడేసేటట్టుండావు."

మోకాళ్లు వంగవు, కళ్లు కనపడవు అని చాన్నాళ్లుగా మగ్గం జోలికి రాని మనిషి, నా జాగాలో కూర్చుని చకచకా నాడె అందించసాగింది. ఇంత చేతనైన మనిషి మూడు తేదీలు ఎందుకు పోనిచ్చిందో అని నాకు ఇంకా మండింది. పార్వతి మాత్రం లేచి సంచి సర్దుకుంది.

ఆ రాత్రికి మిద్దె మీద పడక. దోమలకు కొదవ లేదు.

మరునాడు ఏడింటి బస్సుకు పరగడుపున పార్వతీ నేనూ ధర్మవరం ఆసుపత్రికి పోయాం. రక్తం తీసుకుని, పదకొండింటి దాకా బల్ల మీద కూర్చోబెట్టి, నర్సమ్మ చావు కబురు చల్లగా చెప్పింది. "రక్తం సాలదమ్మా. నెల దినాలు మాత్రలు తిని రా."

నెల! ఈ నెలలో కడుపొస్తే ఎవరు దిక్కు? నేను గొంతు పెంచాను. డాక్టరమ్మ అంతకన్నా పెంచింది. "ఇప్పుడు కోస్తే పాణం మీదికొస్తాది. నువ్వు పూచీ పడతావా?" ఆమె మాట న్యాయమే, నా కోపమంతా అందుకే.

అప్పుడు పార్వతి నోరు విప్పింది. "కడుపు రాకుండా మూడు నెలలకొక సూది ఉండాదంట గదా మేడమ్. అంతవరకు అదేయండి."

ఆ సూది సంగతి దానికి తెలుసని నేను కలలో కూడా అనుకోలేదు. డాక్టరమ్మ అడగవలసినవన్నీ అడిగి, కడుపు లేదని పరీక్ష చేసి, సూది వేయించింది. బయటికొచ్చాక పార్వతి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో బలానికి సూది ఏసినారని చెబుతా చిన్నమ్మా. నువ్వూ అట్లే చెప్పల్ల."

"నిజం చెబితే ఏమే?"

"నన్నడగకుండా ఎట్లేయించుకుంటివి అంటాడు. మళ్లీ సూదికి గడప దాటనీడు."

రైల్లో అంతమందికి బుద్ధులు చెప్పిన నాకు అబద్ధమాడే పని పడింది. సరేనన్నాను, ఏం చేయను?

దాన్ని ఊరి బస్సెక్కించి, సాయంత్రం బండికి కదిరి దారి పట్టాను. ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఏమీ తెలియదు, ఎవరో ఒకరు ఊరూరా తిరిగి చెప్పాలి అని ఈ వ్యాసానికి ముగింపు కూడా మనసులో రాసుకున్నాను. ముదిగుబ్బ దాటాక ఫోన్ మోగింది. లక్ష్మక్క.

"వదినా, బలానికి సూది ఏసినారంటాది పార్వతి."

"ఔను వదినా, బలానికే" అన్నాను గొంతు సవరించుకుని.

లక్ష్మక్క గొంతు తగ్గించింది. "మూడు నెలల్ది గదా? మళ్లీ ఏసే తేదీ నాకు చెప్పు, నేను తోలుకొని పోతా. నాగరాజు చెవిన మాత్రం ఎయ్యొద్దు. నా కాలంలో ఇట్లాంటిది లేకపాయె. ఐదుమందిని కంటి, ఇద్దర్ని పూడ్చుకుంటి."

పెట్టెలో వాళ్లంతా నావైపు తిరిగేలా అరిచాను. "అన్నీ తెలిసినదానివి, నిన్న అంత గలాటా ఎందుకు చేసినావమ్మా?"

"నువ్వు ఆ మాట ఆడి ముందరే ఎత్తితివి గదా వదినా. కొడుకు వింటాండె. నేను ఇంకేమనాల?"