మామ్మకు ముందస్తు వీడ్కోలు

పాస్టరు గారు నోరు విప్పేముందు రుమాలు నాలుగు మడతలు పెట్టి పెదాలకు అద్దుకుంటారు. పెళ్లయినా చావయినా అంతే. ఏడ్చేవాళ్ల భుజం మీద చెయ్యి వేస్తారు, కళ్లు మాత్రం గోడ గడియారం మీద ఉంటాయి. ఊరు మారమని దేవుడి పిలుపు ఈసారి కూడా ఇంకాస్త పెద్ద సంఘం నుంచే వచ్చింది. పుస్తకాల పెట్టెలు కారెక్కుతుంటే, ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మామ్మ కర్ర పొడుచుకుంటూ ఆయన గదిలోకి వచ్చి కూర్చుంది.

"నన్ను సాగనంపాకే కదులుతానన్నారు. ఇప్పుడు మీరే పోతున్నారు. నా భూస్థాపన నాడు చెప్పాల్సిన నాలుగు ముక్కలూ ఇప్పుడే చెప్పండి అయ్యగారూ. అప్పుడైతే నాకు వినపడదు." ఆయన నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఆయన రుమాలు మడిచి అద్దుకున్నారు. "ఈ తల్లి కొవ్వొత్తిలా కరిగి నలుగురికీ వెలుగిచ్చింది..." "ఆగండాగండి. ఇది మొన్న దర్జీ పోయినప్పుడు చెప్పిందే. అంతకుముందు మా ఆయనకీ ఇదే చెప్పారు. నా సంగతి చెప్పండి." ఆయన మళ్లీ రుమాలు అద్దుకుని "మన మామ్మ..." అన్నారు. ఇన్నేళ్లూ ఎదురుగా ఉన్న ముఖాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశారు. బయట కారు హారన్ మోగింది.

"పర్లేదు, వెళ్లిరండి," అంది మామ్మ లేస్తూ. "మీ చోటికి వచ్చేవాడు కుర్రాడట. నేను ఇంకొన్నాళ్లు ఆగుతాలెండి. నా సంగతి తెలుసుకుంటాడు."