తువ్వాల వేసిన సీటు

మా రోడ్డు మీద బస్సులో సీటు దొరకాలంటే కాళ్ళలో బలం ఉంటే చాలదు, చేతిలో తువ్వాల ఉండాలి. బస్సు స్టాండులో ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో దస్తీయో లోపలికి విసరాలి. అది పడ్డ సీటు ఇక మనదే. తర్వాత నింపాదిగా ఎక్కొచ్చు. అంత తొక్కిసలాటలోనూ ఒకరి తువ్వాలను ఇంకొకరు తీసి కూర్చోరు. కూర్చుంటే బస్సు బస్సంతా ఒక్కటై లేపుతుంది. సర్కారు చేసిన చట్టాలేవీ మా దగ్గర ఇంత గట్టిగా నడవలేదు.

లక్సెట్టిపేట తర్వాత రెండో స్టేజీ మాది. అక్కడికి వచ్చేసరికి బస్సు మెట్ల మీద కూడా కాలు పెట్టే జాగా ఉండేది కాదు. అయినా మంచిర్యాలలో టీచరుగా పనిచేసిన ఆ ఏళ్ళలో నేను ఎక్కువగా కూర్చునే వెళ్ళాను. ఎనభైల నాటి మాట. లక్సెట్టిపేటలో ఎక్కే ఒక పెద్దావిడ తన పక్క సీటు మీద నాకోసం తువ్వాల పరిచి ఉంచేది. ఆమె నస్పూర్‌లో ఒక చిన్న దవాఖానలో ఆయా. ఆదివారం చర్చి, మిగిలిన రోజులు డ్యూటీ. నేను కడుపుతో ఉన్నప్పుడు జాలిపడి మొదటిసారి పిలిచింది. బిడ్డ పుట్టి, నడక నేర్చి, బడికి పోవడం మొదలుపెట్టినా ఆ తువ్వాల మాత్రం ఆగలేదు. ఆమె పేరు నేను అడగలేదు, నా పేరు ఆమె అడగలేదు. ఆమె నాకు అవ్వ, నేను ఆమెకు టీచరమ్మను.

కూర్చున్న మనిషికి అభిప్రాయాలు బాగా వస్తాయి. నిలబడ్డవాళ్ళకు కడ్డీ పట్టుకోవడంతోనే సరిపోతుంది. నాకైతే గోదావరి గట్టు కనిపించినప్పటినుంచి మంచిర్యాల దాకా నోరు మూతపడేది కాదు. ఓట్లకు వచ్చే నాయకులను ఒక్క వారం ఈ బస్సు ఎక్కిస్తే రోడ్డు అదే బాగుపడుతుందనేదాన్ని. ఇంట్లో కందిపప్పు లేకపోయినా కలర్ టీవీ కావాలనే వాళ్ళను ఏకిపారేసేదాన్ని. అందరికన్నా ఎక్కువ కోపం స్కూటర్లు కొనేవాళ్ళ మీద.

"బండి కొన్నోడు బస్సు సంగతి పట్టించుకుంటడా? అందరం గిండ్లనే ఎక్కితే గద, ఇంకో బస్సు ఎయ్యమని అడిగేది! ఒక్కొక్కలు జారుకుంటే మిగిలినోళ్ళ గతేంది?" అనేదాన్ని.

"నిజమే టీచరమ్మా," అనేది అవ్వ. నిలబడ్డవాళ్ళు కూడా తలలూపేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు విసుక్కుంటే కండక్టరు, "టీచరమ్మ మీటింగు నడుస్తున్నది, జర ఓపిక పట్టుండ్రి," అని నవ్వేవాడు.

ఇంతలో ఒక ఎండాకాలం సెలవుల్లో మా ఇంటికి స్కూటర్ వచ్చింది. మా ఆయన నాకు చెప్పకుండా ఎప్పుడో బుక్ చేసి పెట్టాడట. వద్దని గొడవ చేశానని రాయాలని ఉంది గానీ, చేయలేదు. బంతిపూల దండ కట్టింది నేనే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందీ నేనే. మంచిర్యాలలోనే ఆయన ఆఫీసు. బడి తెరిచిన రోజు ఆయన వెనక కూర్చొని వెళ్తుంటే చల్లగాలి మొహానికి తగిలింది. చీర నలగలేదు, ఎవరి మోచెయ్యీ పొడవలేదు. ఎంత హాయిగా ఉందో చెబితే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అవ్వకు చెప్పాలనుకున్నాను. ఒక్క పొద్దు స్టేజీ దగ్గర నిలబడి, కిటికీ దగ్గరికి పోయి రెండు ముక్కలు చెబితే అయిపోయేది. కానీ బస్సులో అందరూ వింటారు. ఇన్నేళ్ళు నేను చేసిన మీటింగులన్నీ గుర్తు చేసి నవ్వుతారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే నెల దాటింది. కొన్నిసార్లు మా బండి ఆ బస్సునే దాటిపోయేది. అప్పుడు తల మీదుగా కొంగు కప్పుకొని మొహం పొలాల దిక్కు తిప్పుకునేదాన్ని. దుమ్ము పడుతుందని ఆయనతో అన్నాను. నాతో నేనూ అదే అనుకున్నాను.

ముసురు పట్టిన ఒక సోమవారం బండి ఎంత కిక్కు కొట్టినా స్టార్టు కాలేదు. గొడుగేసుకొని స్టేజీకి పోయాను. బస్సు జనంతో ఒక పక్కకు వంగిపోయి వచ్చింది. నిలబడే పోదాం, అవ్వ చూడకపోతే బాగుండు అనుకుంటూ మెట్టెక్కానో లేదో, లోపలినుంచి అవ్వ కేక వినిపించింది.

"టీచరమ్మ వచ్చింది! జరగుండ్రి, జరగుండ్రి!"

అవ్వ పక్కన తువ్వాల అట్లాగే పరిచి ఉంది. కడ్డీ పట్టుకున్న ఒకాయన జరుగుతూ, "నువ్వేనా తల్లీ! నీ స్టేజీ దాటేదాక గీ అవ్వ తువ్వాల తియ్యది. దినాం గిదే పంచాయితి మాకు," అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అవ్వ నా చెయ్యి పట్టుకొని మణికట్టు తడిమి చూసింది. "బాగ గుంజుకపోయినవ్ బిడ్డా. బడి తెర్సినా రాకపోతివి. ఏమాయెనోనని పరేషానైన. పానం బాగలేకుండెనా?"

కాదు అనడానికి అప్పుడు ఒక్క క్షణం దొరికింది. దాన్ని వదిలేశాను. "ఆఁ," అన్నాను.

"పసిరికలా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. తలూపాను. ఇంకొకాయన మెట్‌పల్లి దగ్గర ఎవరో కామెర్లకు మంచి పసరు పోస్తారని చెప్పాడు. దానికీ తలూపాను. మంచిర్యాల వచ్చేసరికి నాకు పచ్చకామెర్లు వచ్చి, ముదిరి, తగ్గిపోయాయి. దిగబోతుంటే అవ్వ అంది.

"చర్చిల అందరితోని ప్రార్థన చేపిచ్చిన. పేరేందని అయ్యగారు అడిగితే నాకెరుక లేకపాయె. మా బస్సు టీచరమ్మ అంటే దేవునికి తెల్వదా అన్న. నీకు నయమైతే మా కోడిపెట్టను కానుకిస్తనని మొక్కుకున్న. గీ ఆదివారమే ఇస్త."

ఆ రోజు బడిలో ఏం చెప్పానో నాకు తెలియదు. ఆ కోడిపెట్ట సంగతి అంతకుముందు ఆమె నోటివెంటే చాలాసార్లు విన్నాను. ఎన్ని గుడ్లు పెట్టిందో, ఏ పిల్లి వెంట పడిందో రోజూ చెప్పేది. ఒంటరి మనిషి, ఇంట్లో ఆమెను పలకరించే ప్రాణి అదొక్కటే. నాకు రాని జబ్బు నయమైనందుకు అది పోబోతోంది.

మర్నాడు స్కూటర్ బాగైంది. నేను మాత్రం బస్సుకే పోయాను. "ఇదేం పిచ్చే, బండి ఇంట్లో పెట్టుకొని," అన్నాడు ఆయన. రోజూ చెబుదామని ఎక్కడం, అవ్వ నా కళ్ళు పచ్చగా ఉన్నాయా అని రెప్పలు వంచి చూడటం, నేను నోరు మూసుకొని దిగిపోవడం. ఆ వారమంతా నాకు ఒక్క అభిప్రాయమూ రాలేదు. పాపం, నీరసం ఇంకా తగ్గలేదనుకున్నారు బస్సులోవాళ్ళు.

శనివారం ఇక తప్పదు. అవ్వ చెవి దగ్గర మెల్లగా మొదలుపెట్టినా గొంతు నా మాట వినలేదు. బస్సు చేసే ఆ మోతలోనూ అందరికీ వినబడింది.

"అవ్వా, నాకు ఏ రోగం రాలేదు. మేం స్కూటర్ కొన్నం. దాని మీద పోతున్న. నీకు చెప్పడానికి మొహం చెల్లలే. నీ కోడిని ఇయ్యకు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు. అవ్వ నా చెయ్యి వదిలి గోదావరి దిక్కు చూసింది. తిడితే బాగుండనిపించింది. తర్వాత నా దిక్కు తిరిగి, "గీ నెలంత పానం మంచిగనే ఉండెనా?" అని అడిగింది.

"మంచిగనే ఉండె అవ్వా."

"మల్ల దేవుడు నా మాట ఇన్నట్టే గద. కోడిని ఇచ్చుడే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మాట చెప్తే అయిపోవు బిడ్డా. నువ్వు రాని దినాల్ల ఒక కడుపుతోటున్న పిల్ల మీ స్టేజీ దాక నిలవడే వచ్చింది. టీచరమ్మ వస్తదని నేనే కూసోనియ్యలే," అంది.

అదే బస్సులో, అదే సీటులో ఆమె నన్ను మొదటిసారి కూర్చోబెట్టింది కూడా నేను కడుపుతో ఉన్నాననే.

ఆదివారం ఆమె కోడిని ఇచ్చేసింది. ఆ సంగతి తర్వాత కండక్టరు చెప్పాడు.

సోమవారం మళ్ళీ స్కూటరే ఎక్కాను. ఎక్కనని పంతం పట్టేంత మంచిదాన్ని కాదు. హాజరు వేళకు బడిలో ఉండాలి, చీర నలగకూడదు, హాయికి అలవాటు పడ్డ ఒళ్ళు. ఊరు దాటాక బస్సు మా ముందే పోతోంది. దాన్ని దాటుతుంటే ఆయన, "దుమ్ము, కొంగు కప్పుకో," అన్నాడు. కప్పుకోలేదు. మొహం కిటికీల వైపే పెట్టాను. అవ్వ నన్ను చూసి చెయ్యి ఊపింది. తువ్వాల ఆమె భుజం మీద ఉంది. ఆమె పక్కన నా సీటులో నిండు కడుపుతో ఒక పిల్ల కూర్చొని ఉంది.